డ్యూటీ టైములో నిద్ర

ఢిల్లీలో మా నాన్న ఆఫీసులో పెద్దసారు ఒకాయన ఉండేవాడు. ఎవరైనా కునుకు తీస్తే బల్ల చరిచి, "డ్యూటీ టైములో నిద్రా?" అనేవాడు. నాన్న దొరికిపోయినప్పుడల్లా "లేద్సార్, ఆలోచిస్తున్నా" అనేవాడట. అయినా మెమో తప్పేది కాదు.

ఒక ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి ఢిల్లీ జూకి వెళ్లాం. సింహం చెట్టు కింద పడుకుని ఉంది. సారుకి ఒళ్లు మండింది. నీళ్ల సీసాతో రెయిలింగు మీద బాదుతూ, "డ్యూటీ టైములో నిద్రా? ఉఠో!" అని గద్దించాడు. సింహం ఒక కన్ను తెరిచి, ఆయన హోదా తెలియక, మళ్లీ మూసుకుంది.

పులిహోర తిన్నాక, పిల్లలకి ఏనుగుని చూపిస్తానన్న సారు పచ్చిక మీద నోరు తెరిచి గుర్రుపెట్టాడు. ఆయన నాలుగేళ్ల కూతురు ఖాళీ టిఫిన్ డబ్బాని తండ్రి చెవి దగ్గర స్పూనుతో వాయించి, "డాడీ, డ్యూటీ టైములో నిద్రా? ఉఠో!" అంది.

సారు ఉలిక్కిపడి లేచి, మా నాన్న వైపు చూడకుండా, "లేదమ్మా, ఆలోచిస్తున్నా" అన్నాడు.