ముందొచ్చినవాడి పని

నాది కర్నూలు. రెండువేల దశకంలో సరుకు ఓడల్లో వంటవాడిగా తిరిగేవాణ్ణి. గొప్పలు చెప్పుకోవడం నా జబ్బు. దానికి మందు విశాఖపట్నంలో దొరికింది.

ఓడ రేవులో ఆగిన రోజు జాలరిపేట ఒడ్డుకు వెళ్లాను. గాలి వెనక నుంచి తోస్తుంటే తెప్పలు పోటీపడి వస్తున్నాయి. విచిత్రమేమిటంటే, ఒడ్డు దగ్గరపడేసరికి అందరూ నెమ్మదించారు. ముందొచ్చేసిన నడివయసు మనిషి మాత్రం దిగి తిట్టుకుంటున్నాడు.

"హవాయిలోనూ ఇలాంటి పందెముందన్నా. నీళ్ల మీద తేలే పొడవాటి పలక మీద నిలబడి, ఒక్క తెడ్డుతో, గాలివాటున నడిసముద్రం మీదుగా వస్తారు. కిందటేడు నేనే ఫస్టు," అన్నాను. నిజానికి రేవులో నిలబడి చూశానంతే.

ఆయన కళ్లు మెరిశాయి. "ఐతే ఎన్ని తెప్పలు లాగేవు బావా?"

"అంటే?"

"మా కాడ ముందొచ్చినోడే మిగతావోళ్ల తెప్పలన్నీ ఇసక మీదకి లాగాల. ఇయాల నాను దొరికిపోనాను. మీ కాడ లాగరేటి?"

"ఎందుకు లాగం? పన్నెండు లాగాను," అనేశాను.

"ఒరేయ్, ఫస్టొచ్చినోడు దొరికేడ్రా!" అని కేకేసి, తాడు నా చేతిలో పెట్టి, ఆయన తీరిగ్గా బీడీ ముట్టించాడు.

రెండో తెప్పకే అరచేతులు బొబ్బలెక్కాయి. మూడోదాని దగ్గర కూలబడ్డాను. "అన్నా, నేను పలకే ఎక్కలేదు. అంతా అబద్ధం," అని ఒప్పుకున్నాను. జీవితంలో నేను ఒప్పుకున్న మొదటి అబద్ధం అదే.

"నువ్వు తాడు పట్టుకున్నప్పుడే తెలిసిపోనాది బావా. నిజం సెప్పేవు, మంచిదే," అని భుజం తట్టాడు. "ఇంకా నాలుగున్నాయి, లాగు."