రెండుసార్లు తడితే వదలాలి

రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్లో నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ని. ఎక్కడికి వెళ్లినా నా చూపు ముందు మూలల మీదికే పోతుంది. చుట్టాలింట్లో కూడా కిటికీ అంచు మీద వేలు రాసి దుమ్ము చూస్తాను. అప్పుడు మా ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. మా బిడ్డను కరాటేలో చేర్పించేటప్పుడు కూడా నేను ఆ వేలినే నమ్ముకున్నాను.

బిడ్డకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఒక ఆదివారం తలస్నానం చేయిస్తుంటే మోచేతి పైన నీలం మచ్చలు కనిపించాయి. బడి ఆటోలో పక్కన కూర్చునే పెద్ద పిల్ల నెల రోజులుగా గిల్లుతోందట. ఎందుకు చెప్పలేదే అని అడిగితే, ఆ పిల్లే మానేస్తుందని అనుకుందట. ఆ పిల్ల తల్లితో నేను పెట్టుకున్న గొడవ బోరబండలో మా గల్లీ అంతా విన్నది. అది నాకు సులువే, నాకు నోరుంది. నా బిడ్డకు లేదన్న బాధ మాత్రం గొడవతో తీరలేదు. ఎదురు తిరగడం దానికి ఎవరైనా నేర్పాలని పట్టుబట్టాను.

మా ఆయన క్యాబ్ నడుపుతాడు. కారెక్కిన సాఫ్ట్‌వేర్ వాళ్లనల్లా సలహా అడిగి వచ్చాడు. ఒకరు తైక్వాండో అన్నారు, ఒకరు కుంగ్‌ఫూ అన్నారు, ఇంకొకరు ముందు ఈత నేర్పించమన్నారు. నాకు సరిగ్గా పలకడానికి వచ్చింది కరాటే ఒక్కటే. అందుకని కరాటే ఖాయం చేశాను.

మాదాపూర్లో ఒక కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఉంది ఆ కరాటే క్లాసు. గోడంతా అద్దం, ఏసీ, పోటీల్లో గెలిచి వరుసగా పేర్చిన కప్పులు. అద్దం పైఅంచు మీద వేలు రాశాను. దుమ్ము లేదు. బాత్రూమ్ తలుపు తీసి చూశాను. వాసన లేదు. ఇంకేం కావాలని అక్కడికక్కడే చేర్పించాను. తల్లిదండ్రులు బయటే కూర్చోవాలని చెబితే, అబ్బ ఎంత పద్ధతో అని మెచ్చుకున్నాను కూడా.

మూడో వారం తలుపు సందులోంచి తొంగి చూశాను. పిల్లలు రెండు కాళ్లూ బార్లా చాపి కూర్చున్నారు. మాస్టర్ ఒక్కొక్కరి తొడ మీద పాదం పెట్టి కిందికి తొక్కుతున్నాడు. కొందరు ఏడుస్తున్నారు. నా బిడ్డ పెదాలు బిగించి కూర్చుంది. బయటికొచ్చాక ఆయన, మీ పాప చాలా గట్టిదండీ, నోరు తెరవదు అన్నాడు. నేను పొంగిపోయాను. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది.

మర్నాడు బిడ్డ మెట్లు దిగలేక గోడ పట్టుకుని నిలబడింది. దవాఖానకు తీసుకెళితే కండరం లాగిందని, కొన్నాళ్లు ఎగరడం దూకడం వద్దని చెప్పారు. నొప్పి అని ఎందుకు అనలేదని అడిగాను.

"సార్ శబాష్ అన్నడు కద," అంది.

తప్పు కరాటేది కాదు. పాదం పెట్టినవాడిదీ, పొంగిపోయినదానిదీ. ఆ క్లాసు మాన్పించి, ఇంకో చోటు వెతికేటప్పుడు నేను చూసే తీరు మార్చుకున్నాను. సెలవు రోజుల్లో చెప్పాపెట్టకుండా వెళ్లి, క్లాసు మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా నిలబడేదాన్ని. నిలబడనివ్వని చోట వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని. బాగా చేసే పిల్లల్ని అందరూ ముందు వరసలో నిలబెట్టి చూపిస్తారు. నేను చివరి వరసలో తడబడే పిల్లను వెతికి, నేర్పేవాళ్లు ఆ పిల్ల దగ్గర ఎంతసేపు ఆగుతారో గమనించేదాన్ని. ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అన్నాయన దగ్గర చెప్పులు కూడా విప్పలేదు.

చివరికి మా ఇంటికి దగ్గర్లోనే, బోరబండ రైల్వే స్టేషన్ వైపు ఒక పాత హాలు దొరికింది. అక్కడ జూడో నేర్పుతారు. మ్యాట్లకు టేపులు అతికించి ఉన్నాయి. గోడలకు పెచ్చులూడాయి. నేర్పే మేడంకు యాభై దాటి ఉంటాయి, ఒక మోకాలికి పట్టీ. నేను వెళ్లేసరికి ఆమే వంగి మ్యాట్లు తుడుస్తోంది. సగం తుడిచాక బకెట్లో నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పట్టుకుని, మూలల దాకా తుడిచింది. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు నీళ్లు మార్చే మనిషిని నేను నమ్ముతాను. నా వృత్తి నాకు పనికొచ్చింది అప్పుడే.

అక్కడ మొదట నేర్పేది కింద పడటం. రెండోది తట్టడం. ఎదుటివాళ్లు పట్టు బిగించినప్పుడు ఇక చాలనిపిస్తే మ్యాట్ మీదో, వాళ్ల ఒంటి మీదో రెండుసార్లు తట్టాలి. తట్టగానే వదిలేయాలి, కారణం అడగకూడదు. పట్టు ఎంత బాగా కుదిరినా సరే. మిగతా పిల్లలు పడీపడగానే టపటపా తట్టి లేచి నవ్వేవాళ్లు. నా బిడ్డ మాత్రం మొహం కందిపోయినా తట్టేది కాదు. మేడమే వెళ్లి విడిపించేది.

రెండు వారాలు చూసి ఆమె నన్ను పక్కకు పిలిచింది. బిడ్డకు బలం ఉంది, పడటం కూడా వచ్చింది, తట్టడం ఒక్కటే రావట్లేదు అంది. గొంతు తగ్గించి అడిగింది.

"ఇంట్ల ఈ బిడ్డ చాలు అంటే ఎవరన్న ఇడుస్తరా అమ్మా?"

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో దాని మీద చెయ్యెత్తేవాళ్లు లేరు, ఏమనుకుంటున్నారు మీరు అన్నాను. బిడ్డను తీసుకుని ఇంటికి బయల్దేరాను. దారి పొడవునా కోపంగానే నడిచాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుని, నా అడుగులు అందుకోవడానికి పరుగెత్తుతూ వచ్చింది. ఆగమని అడగలేదు.

సోమవారం పొద్దున్న నాకు ఏడింటి డ్యూటీ. జడ వేయడానికి బిడ్డను నా మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకున్నాను. సాయంత్రం దాకా ఊడకూడదని నేను నూనె రాసి బిగించి అల్లుతాను. దాని భుజాలు పైకి లేచాయి. రోజూ లేస్తాయి. రోజూ నేను గంతే గంతే, అయిపోయింది అంటూ ఇంకో పాయ లాగుతాను. ఆ రోజూ అలాగే అన్నాను.

నా మోకాలి మీద చిన్న చెయ్యి రెండుసార్లు తట్టింది.

చేతిలోని జుట్టు వదిలేశాను. బిడ్డ వెనక్కి తిరిగి నా మొహం చూసింది, నేను కోప్పడతానేమోనని. నాకు ఏడుపొచ్చింది. కారణం అడగకూడదని తెలిసీ అడిగాను.

"ఎప్పట్నుంచి నొస్తుంది బిడ్డా?"

"రోజూ నొస్తది," అంది.

దువ్వెన పక్కన పెట్టి, దాని నెత్తి మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చున్నాను. డ్యూటీకి ఆలస్యమైంది. నా బిడ్డ ఆ రోజు బడికి వదులు జడతో పోయింది.