పంపు కింద ఇరవై నిమిషాలు

లాండ్రీలో అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. అక్కడే పనిచేసే తోటికోడలు ఒక్కతే అక్క అంటుంది, అదీ అవసరం పడితేనే. పిన్నికి యాభై రెండేళ్లు. అందులో ఇరవై మూడేళ్లు దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి రోలరు ముందు నిలబడే గడిచాయి. మందుల పెట్టె తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుంది. ఆ పెట్టెలో దూది మాత్రం ఉండదు. “దూది లేని మందుల పెట్టె, ఉప్పు లేని కూర ఒకటే,” అని మేస్త్రీ ఎకసెక్కాలాడతాడు. పిన్ని పట్టించుకోదు.

పదేళ్ల కిందట ఆమె మణికట్టు కాలితే ఎవరో ప్రేమకొద్దీ దూది అద్ది కట్టు కట్టారు. ఆసుపత్రిలో నర్సు ఆ దూదిని పోగుపోగుగా, చర్మంతో సహా ఊడదీసింది. కాలిన నొప్పి పిన్ని మర్చిపోయింది. ఊడదీసిన నొప్పి మర్చిపోలేదు. ఆ నర్సునే అడిగి, విసిగించి, కాలిన చోట ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో నేర్చుకుని మరీ వచ్చింది.

ఆ రోజు పొద్దున పదిన్నరకు ఆవిరి గొట్టం జాయింటు ఊడింది. సరిగ్గా అక్కడే తోటికోడలు నిలబడి ఉంది.

కేక విని పిన్ని పరుగెత్తేసరికి మేస్త్రీ ఆవిరి కట్టేశాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ పక్కనున్న ఆడవాళ్లు తోటికోడలి కుడిచేతిని మోచేతిదాకా గంజి తొట్టిలో ముంచేశారు. ఆ లాండ్రీలో ఎవరి చెయ్యి కాలినా గంజిలోనే ముంచుతారు. చల్లగా ఉంటుంది, తెల్లగా ఉంటుంది, మందులాగే కనిపిస్తుంది. ఆరాక అట్టకడుతుంది.

“తియ్యండి. పంపు కింద పట్టండి,” అంది పిన్ని.

“మంట తగ్గింది పిన్నీ, ఉండనివ్వు,” అంది ఒకామె.

“తగ్గింది నీకు. చెయ్యి దానిది.”

పంపు సన్నగా తిప్పింది. గంజి తెల్లగా కారిపోయి, కింద చెయ్యి బయటపడింది. వేళ్ల నుంచి మోచేతిదాకా ఎర్రగా కందిపోయింది. మణికట్టు మీద బొబ్బలు లేస్తున్నాయి. ఉంగరపు వేలు అప్పుడే ఉబ్బుతోంది. పిన్ని గోడ గడియారం చూసింది. పదీ ముప్పైనాలుగు. ఇరవై నిమిషాలు నీళ్ల కిందే ఉండాలి.

“వ్యాను సిద్ధంగా ఉంది, పదండి,” అని మేస్త్రీ తొందరపెట్టాడు.

“పదీ యాభైనాలుగుకు.”

“ముహూర్తం పెట్టావా? ఏమన్నా అయితే జవాబెవరు చెప్తారు?”

“నేను చెప్తాను. నువ్వు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆవిరికి చెయ్యంతా కాలింది, వస్తున్నామని చెప్పు.”

పైకి అలా అంది గానీ పిన్ని భయం వేరు. జవాబు చెప్పాల్సింది మేస్త్రీకి కాదు, మరిదికి, అత్తకి. రేపు ఆ వేళ్లు వంగకపోతే తోటికోడలికి ఈ పనీ లేదు, ఏ పనీ లేదు. ఇద్దరూ ఉప్పూ నిప్పూ అని అందరికీ తెలుసు. కావాలనే కాలయాపన చేసిందంటారు.

గాజులు తీసింది. ఉంగరం రాలేదు. సబ్బు పెట్టి లాగితే చర్మం కూడా వచ్చేలా ఉంది. అది అత్త వేలిది. పెద్దకోడలిని కాదని చిన్నకోడలికి ఇచ్చింది. పదకొండేళ్లుగా ఆ మాట ఆ ఇంట్లో నివురుగప్పిన నిప్పు.

మెకానిక్ దగ్గర్నుంచి కటింగ్ ప్లేయరు తెప్పించి, సబ్బుతో కడిగింది. “కోసేస్తున్నా.”

తోటికోడలు పళ్లు బిగబట్టింది. “ఎన్నేళ్ల నుంచో దీనిమీద కన్నేశావక్కా. ఇవాళ చిక్కింది.”

పిన్ని ప్లేయరు మొనను ఉంగరం కిందికి జొనిపింది.

“కన్నేశాను, నిజమే,” అంది పిన్ని. “వేలు మాత్రం నాకొద్దు. కదలకు.”

టక్కుమంది. విచ్చుకున్న ఉంగరాన్ని తోటికోడలి కొంగునే ముడివేసింది. ఆమె వణుకుతోంటే పొడి దుప్పటి తెచ్చి భుజాల మీద కప్పింది. చెయ్యి మాత్రం ధార కిందనుంచి కదలనివ్వలేదు.

పదీ యాభైనాలుగుకు పంపు కట్టేసింది. ఇప్పుడు దేనితో కప్పడం? పెట్టెలో పుండుకు అతుక్కోని ప్యాడ్లు రెండే ఉన్నాయి. ఒక్కోటీ అరచేయంత. ఇంతలో ఒకామె దిండుగలీబు పట్టుకొచ్చింది.

“ఇప్పుడే రోలర్లోంచి వచ్చింది పిన్నీ. ఇంతకన్నా శుభ్రమైంది ఎక్కడుంటుంది?”

ఆ గదిలో ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. వాళ్ల బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ తెలుపొక్కటే. పిన్ని చెయ్యి కూడా దానివైపు సాగింది. కానీ గంజి పెట్టిన నేత గుడ్డ అది. బొబ్బ చెమ్మగిల్లితే పట్టేస్తుంది. మళ్లీ పోగుపోగుగా.

“క్యాంటీన్లో గిన్నెల మీద పరిచే పల్చటి ప్లాస్టిక్ చుట్ట తెండి.”

“చేతికి పార్సిలు కడతావా?” అన్నాడు మేస్త్రీ.

“కడతా. ఇది అతుక్కోదు. డాక్టరు విప్పకుండానే లోపల చూస్తాడు.”

పైనున్న రెండు చుట్లు చించి పారేసింది. ప్యాడ్లను మడిచి వేళ్ల మధ్య పెట్టింది. ప్లాస్టిక్‌ను చేతి చుట్టూ చుట్టకుండా, పొడుగ్గా ముక్కలు తీసి ఒకదాని పక్కన ఒకటి పరిచింది. చుట్టి బిగిస్తే, ఉబ్బే చేతికి అదే ఉరి. ఒక్క బొబ్బనూ చిదమలేదు. వ్యానులో చేతి కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచింది.

ఆసుపత్రిలో డాక్టరు ప్లాస్టిక్ మీదినుంచే చెయ్యంతా పరికించాడు. “వేళ్లు కదుపమ్మా,” అన్నాడు.

బొటనవేలు కదిలింది. చూపుడువేలు, మధ్యవేలు కదిలాయి. ఉంగరపు వేలు కదల్లేదు. తోటికోడలు కళ్లు గట్టిగా మూసుకుంది. వేలు వణికి, కాస్త వంగింది.

“ఉంగరం తీసేయడం మంచిదైంది. వేళ్లకేం భయం లేదు. మణికట్టు దగ్గర లోతుగా కాలింది, దాని సంగతి వారం పోతేగానీ చెప్పలేను,” అని డాక్టరు వెళ్లిపోయాడు.

పిన్ని బల్ల మీద కూలబడింది. కాసేపటికి తోటికోడలు కళ్లు తెరిచింది. కుడిచెయ్యి దిండు మీద ఉంది, ఎడమచేతికి సెలైను సూది.

“అక్కా.”

“ఏంటి?”

“ముక్కు దురద. కాస్త గోకు.”

పిన్ని లేచి గోకింది.

“అక్కడ కాదు. కొంచెం పైకి.”