పావుగంట ఘర్షణ

బడిలో పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు ‘ఇంకేంటి టీచర్’. సైన్సు చెబుతుంది. కొత్త పాఠం మొదలుపెట్టే రోజున పుస్తకాలు మూయించి, బెంచీలు ఎదురెదురుగా తిప్పించి, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెడుతుంది. పాఠం పేరు ఒక్కటే బోర్డు మీద రాస్తుంది.

“ఈ మాట వినగానే మీకేం గుర్తొస్తుందో మీలో మీరు మాట్లాడుకుని చెప్పండి.”

చెప్పిందల్లా రాస్తుంది. చెప్పడం ఆగిపోతే వెనక్కి తిరిగి, “ఇంకేంటి?” అంటుంది. ఆ పావుగంటసేపు ‘తప్పు’ అనే మాట ఆ గదిలో నిషిద్ధం. ‘వేడి’ పాఠం రోజున ఒకడు “మా నాన్న” అన్నాడు. ఆ నాన్న కూడా బోర్డెక్కాడు.

ఈ పద్ధతి ఇంటిదాకా రాలేదు. రాలేదంటే, సగం దూరం వచ్చింది. సాయంత్రం ఏం కూర చేద్దామని అందరినీ అడుగుతుంది. సిటీ బస్సు నడిపే భర్త బంగాళాదుంప అంటాడు, అత్తగారు బెండకాయ అంటుంది, కూతురు అసలు కూరే వద్దంటుంది. అందరి మాటా శ్రద్ధగా విని ఆవిడ వంకాయ వండుతుంది.

“మన మాటలు బోర్డు దాకానేరా, పొయ్యి దాకా పోవు” అంటుంది అత్తగారు కొడుకుతో.

ఈ సంగతులన్నీ నాకు మొదట చెప్పింది ఆ అత్తగారే. తర్వాత టీచర్‌ని అడిగి సరిచూసుకున్నాను. ఇద్దరి కథలూ వంకాయ దగ్గర తప్ప మిగతా అన్నిచోట్లా కలిశాయి.

ఆవిడ తరగతి ఒకప్పుడు పెద్ద హాలు. మధ్యలో ప్లైవుడ్ అడ్డు పెట్టి రెండు గదులు చేశారు. అవతలి గది లెక్కల సారుది. ఆయన క్లాసులో సుద్దముక్క అరిగే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇవతల పావుగంట మొదలైందంటే చాలు, ఆయన డస్టరుతో ప్లైవుడ్ మీద దబదబా బాదేవాడు.

“మేడమ్ గారూ! అక్కడ పాఠమా, సంతా?”

“పాఠానికి ముందు సార్. ఇంకా మొదలవలేదు.”

“మొదలయ్యాక కబురు పెట్టండమ్మా. అప్పుడు మా వాళ్లకి కూడికలు చెప్పుకుంటాను.”

చివరికి ఆయన హెడ్మాస్టరుకి ఫిర్యాదు చేశాడు. హెడ్మాస్టరు మంచి మనిషి. ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ల పక్షం. ఆ రోజు ఆఖర్న మాట్లాడింది లెక్కల సారు.

“చూడమ్మా, ఆఫీసరుగారు తనిఖీకి వస్తున్నారు. నీ క్లాసులోనే కూర్చోబెడతాను. ఆయన బాగుందంటే ఉంచుకో. లేదంటే ఆ మర్నాటి నుంచి అందరిలాగే పుస్తకం మొదటి లైను నుంచి చదివించు.”

మిగతా టీచర్లకి ఇది పావుగంట గొడవ. ఆవిడకి మాత్రం ఒక పిల్ల గొడవ. ఏడాది మధ్యలో వచ్చి చేరిన ఆ పిల్ల, హాజరు పలకడానికి తప్ప నోరు విప్పేది కాదు. ‘నీరు’ పాఠం రోజున మాత్రం గుంపులోంచి సన్నగా, “మా ఇంటి గోడ” అంది. పిల్లలంతా నవ్వారు. టీచర్ నవ్వకుండా రాసింది. గంట కొట్టేదాకా ఆ పిల్ల బోర్డు వంకే చూస్తూ కూర్చుంది. తర్వాతి పాఠానికి రెండు మాటలు చెప్పింది. పావుగంట పోతే ఆ పిల్ల మళ్లీ హాజరు దగ్గరికే వెళ్లిపోతుందని టీచర్ భయం.

తనిఖీ ముందురోజు హెడ్మాస్టరు ఒక ఉపాయం చెప్పాడు. “ఎవరేం చెప్పాలో పిల్లలకి ముందే నేర్పి ఉంచమ్మా. ఆలోచనలు ముందే సిద్ధంగా ఉంటే, అప్పటికప్పుడు ఆలోచించినట్టు చక్కగా ఉంటుంది.”

“ముందే నేర్పితే అవి నా ఆలోచనలవుతాయి కదా సార్?”

“అందుకే కదమ్మా నేర్పమంటున్నాను!”

ఆవిడ నేర్పలేదు. తనిఖీ రోజున వచ్చిన పాఠం ‘ఘర్షణ’. రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకున్నప్పుడు కదలికకి అడ్డుపడే బలం అని పుస్తకంలో ఉంది. ఇళ్లలో మాత్రం ఆ మాటకి తగాదా అనే అర్థం. వెనక బెంచీలో ఆఫీసరు, ఆయన పక్కన హెడ్మాస్టరు, ఆ చివర సాక్షిగా లెక్కల సారు.

“అగ్గిపుల్ల” అంది మొదటి గుంపు.

“సైకిల్ బ్రేకు” అంది రెండోది. హెడ్మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

“ఇంకేంటి?”

“మా అమ్మా, మా మేనత్తా!” అన్నాడు మూడో గుంపువాడు. “రోజూ పొద్దున్నే టీచర్, కుళాయి దగ్గర.”

ఆవిడ రాసింది. హెడ్మాస్టరు కిటికీ బయటికి చూడసాగాడు.

“ఇంకేంటి?”

ఆ పిల్ల లేచి నిలబడింది. “మీరూ, పక్కగది సారూ.”

గది లెక్కల క్లాసంత నిశ్శబ్దమైపోయింది. “అది కాదమ్మా” అనడానికి టీచర్ నోరు తెరిచింది కూడా. ఆ ముఖం చూసి పిల్ల అప్పటికే సగం కూర్చుంది. టీచర్ నోరు మూసుకుని బోర్డు వైపు తిరిగింది. ‘నేను, లెక్కల సారు’ అని రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి.

“ఇంకేంటి?” అంది.

పిల్ల మళ్లీ నిటారుగా లేచింది. “దూరం దూరం గదులైతే ఉండదు టీచర్. ఆనుకుని ఉంటేనే.”

“అదీ!” అంది టీచర్. “తగలనిదే రాపిడి లేదు. అగ్గిపుల్లకైనా అంతే, మేనత్తకైనా అంతే. మరి తగ్గాలంటే?”

“నూనె!”

“మేనత్త పెళ్లి!”

వెనక నుంచి లెక్కల సారు ఉండబట్టలేకపోయాడు. “రాసుకునే తలాలు నునుపుగా ఉంటే తగ్గుతుంది. అది కూడా రాయండి మేడమ్.”

“పిల్లల్ని చెప్పనివ్వండి సార్” అన్నాడు హెడ్మాస్టరు.

ఆఫీసరు ముందుకు వంగి, “ఇంకేంటి?” అన్నాడు.

ఆయనకి ఎంత నచ్చిందంటే, బోర్డు మీదున్నదంతా తన నోటుబుక్కులోకి ఎక్కించుకుని వెళ్లాడు. కొద్దిరోజులకే అన్ని బళ్లకీ ఉత్తర్వు వచ్చింది. ప్రతి టీచరూ ప్రతి కొత్త పాఠానికీ పావుగంట గుంపు ఆలోచనలు తప్పనిసరిగా చేయించాలి. పిల్లలకి స్వేచ్ఛగా రావలసిన ఆలోచనల పట్టిక కూడా జతచేశారు. ‘ఘర్షణ’ కింద అగ్గిపుల్ల, సైకిల్ బ్రేకు, మేనత్త, లెక్కల సారు అని వరసగా ఉన్నాయి. ఇకమీదట అన్ని బళ్లలోనూ పిల్లలకి మేనత్త తట్టి తీరాలి.

టీచర్ ఆ పట్టికని మడతపెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది.

ఆ వారంలోనే ఒకరోజు ఆవిడ పిల్లలకి పరీక్ష పెట్టింది. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అవతల లెక్కల సారు ‘భిన్నాలు’ మొదలుపెట్టాడు. బెంచీలు ఈడ్చిన చప్పుడు, అరుపులు, నవ్వులు. ఆవిడ కాసేపు ఓర్చుకుంది. తర్వాత డస్టరు తీసుకుని ప్లైవుడ్ మీద బాదింది.

“సార్! అక్కడ పాఠమా, సంతా?”

“పాఠానికి ముందమ్మా! తలాలు ఆనుకుని ఉన్నాయి కదా, తప్పదు!” అని, ఆయన తన పిల్లల వైపు తిరిగి, “ఇంకేంటి? భిన్నం అనగానే ఇంకేంటి? ఒక్కరైనా చెప్పరేంట్రా?” అన్నాడు.

ఇవతల పరీక్ష రాస్తున్న ఆ పిల్ల తల ఎత్తకుండానే గట్టిగా అరిచింది.

“పగిలిన పలక సార్!”

టీచర్ మందలించబోయి ఆగింది. అవతల సుద్దముక్క చప్పుడు వినిపించింది.

“రాశానమ్మా” అన్నాడు లెక్కల సారు.