అక్క మూడుసార్లు చేసిన లెక్క

మా అక్క మెదక్‌లో బాలికల బడిలో లెక్కల టీచరు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. అమ్మానాన్నలు పోయాక నన్ను చదివించింది ఆమే. పెళ్లి చేసుకోలేదు. చర్చి గోపురం కనబడే వీధిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. నేను హైదరాబాదులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేదాన్ని. డెబ్బైలు ముగియబోతున్న రోజులవి. అక్క కంప్యూటర్‌ను ఎన్నడూ చూడలేదు.

మా ప్రోగ్రాములన్నీ ఫోర్ట్రాన్ అనే భాషలో ఉండేవి. ఆ ఏడు కొత్త యంత్రంతో పాటు ఒక టేపు వచ్చింది. అందులో సి అనే కొత్త భాషలో ఎవరో రాసిన గణిత లైబ్రరీ, అంటే లెక్కలు చేసిపెట్టే తయారు ప్రోగ్రాముల కట్ట, ఉంది. పెద్ద పెద్ద సమీకరణాలను క్షణాల్లో సాధిస్తుంది. ఫోర్ట్రాన్ నుంచి దాన్ని పిలిచి పని చేయించుకునేలా చూడమని మా సెక్షన్ ఆఫీసరు నాకు అప్పగించారు.

చెప్పినంత సులువుగా కాలేదు. మొదట దాన్ని ఏ పేరుతో పిలవాలో తెలియలేదు. యంత్రం లోపల ఫోర్ట్రాన్ పేర్లకు చివర ఒక గీత చేరుతుందని తెలుసుకునేసరికి వారం పోయింది. తర్వాత, ఫోర్ట్రాన్ సంఖ్యను ఇవ్వదు, ఆ సంఖ్య ఉన్న చోటును మాత్రం చెబుతుంది. అవతల సి సంఖ్యనే ఇమ్మని కూర్చుంటుంది. ఆ తగువు తీర్చడానికి మరో రెండు వారాలు. చివరికి ఒక వంతెన లెక్క ఇస్తే సరైన జవాబు వచ్చింది. ఆ సాయంత్రం నేను ఆఫీసులో అందరికీ చాయ్ తెప్పించాను.

ఆ తర్వాత వచ్చింది కాలువల లెక్క. ఒక నది నుంచి చీలే కాలువల్లో ఎక్కడ ఎంత నీరు పారుతుందో తేల్చాలి. నమూనాకు అయిదు కాలువలు, అయిదు సమీకరణాలు తీసుకుని, వాటిలోని అంకెలను అడ్డం వరుసల పట్టికగా పేర్చి లైబ్రరీకి ఇచ్చాను. జవాబు చూడటానికి నమ్మదగినట్టే ఉంది. సమీకరణాలూ జవాబూ ఉన్న కాగితం మెదక్ తీసుకుపోయి అక్కకు ఇచ్చాను. ఆమెకు అలాంటివి ఇష్టం. నా గొప్ప చూపించుకోవడం నాకూ ఇష్టమే.

మరుసటి ఆదివారం నేను బస్సు దిగేసరికి అక్క ఇంట్లో లేదు. మూత్రపిండాల జబ్బు ముదిరి దవాఖానలో చేరిందని ఇంటామె చెప్పింది. ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద అక్క పడుకుని ఉంది. ముఖం ఉబ్బింది. పాదాలు ఉబ్బాయి.

"నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"చెప్తె నువ్వు పరేషాన్ అయితవ్. గా ముచ్చట ఇడిసిపెట్టు. నీ లెక్క నేను చేత్తోని చేసిన. నీ మిషన్ జవాబు కలుస్తలేదు."

దిండు కింద నుంచి కాగితాలు తీసింది. నేను పైపైన చూశాను. అప్పటికి నెలన్నరగా ఆ లైబ్రరీతో కుస్తీ పడుతున్నాను. అది తప్పని ఒప్పుకునే ఓపిక నాకు లేదు.

"నీ గుణకారంలోనే ఎక్కడో పోయుంటుంది. మళ్లీ ఒకసారి చూడు."

అక్క నా మొహంలోకి చూసి, "చూస్త తియ్యి," అంది.

ఆమె జవాబులను ఆ సమీకరణాల్లో పెట్టి చూసి ఉంటే పావుగంటలో తేలిపోయేది. ఆ పావుగంట నేను పెట్టలేదు. జబ్బుమనిషికి మళ్లీ చేయమని చెప్పి బస్సెక్కాను.

తర్వాతి ఆదివారానికి ఆమె ఇంకా నీరసించింది. మాట్లాడుతుంటే ఆయాసం వస్తోంది. నర్సు నన్ను వరండాలోకి పిలిచింది.

"మీ అక్కకు జర చెప్పుండ్రి. పండుకోమంటె పండుకోదు. పెన్సిలు పట్టుకొని లెక్కలు జేస్తది. నా చెల్లె అడిగిందంటది."

లోపలికి వెళ్లాక అక్క ఒక కాగితం నా చేతిలో పెట్టింది.

"మూడుసార్లు చేసిన. నా లెక్కల తప్పు లేదు. మిషన్ల గూడ తప్పు లేదు."

"రెండూ ఒప్పు ఎట్లయితయి అక్కా?"

"అది వేరే లెక్క చేస్తుంది చెల్లె. నువ్విచ్చింది గాదు. అడ్డం వరుసలను నిలువు చేసి మల్ల సాధించి చూసిన. అచ్చం నీ మిషన్ జవాబే వచ్చింది. నువ్వు దానికి ఎట్ల చెప్తున్నవో చూసుకో."

నేను తలూపి కాగితం సంచిలో వేసుకున్నాను. బస్సు నర్సాపూర్ అడవి దాటుతుండగా తీసి చదివాను. తప్పు ఎక్కడుందో అర్థమైంది. ఫోర్ట్రాన్ పట్టికలోని అంకెలను నిలువు వరుసలుగా దాచుకుంటుంది. సి అడ్డం వరుసలుగా చదువుకుంటుంది. నేను పంపిన ప్రతి పట్టికా అవతల తిరగబడి అందుతోంది. వంతెన లెక్కలో పట్టిక ఎటు నుంచి చదివినా ఒకటే కాబట్టి తప్పు బయటపడలేదు. కాలువల లెక్కలో అలా కుదరదు.

సోమవారం పొద్దున లైబ్రరీని పిలిచే ముందు పట్టికను తిప్పే నాలుగు వాక్యాలు చేర్చాను. యంత్రం అయిదు అంకెలు అచ్చు వేసింది. అవి అక్క పెన్సిలుతో రాసిన అంకెలే.

ఆ రోజే మెదక్ వెళ్లాల్సింది. ఆఫీసరు మిగతా కాలువల లెక్కలు కూడా ఆ వారంలోనే కావాలన్నారు. సరేనన్నాను. ఆదివారం వెళ్లి, మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పుకుపోయాను. ఏ భాష ఎట్లా దాచుకుంటుందో, తప్పు ఎట్లా దాగి ఉందో, ఎన్ని లెక్కలు మళ్లీ చేయాల్సి వచ్చిందో. అక్క కళ్లు సగం మూసుకుని వింది.

"అంటె నువ్వు నిలువుగ చెప్పినవ్, అది అడ్డంగ విన్నది," అంది మెల్లగా. కొంచెం నవ్వింది. తర్వాత, "మంచిగైంది. జర కూసో," అంది.

కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు ఉబ్బి బరువుగా ఉన్నాయి. నాలుగు గంటల బస్సుకని లేచాను. ఇంకో బస్సు ఉంది కదా అని ఆమె అనలేదు. ఉన్నదని నాకు తెలుసు.

మంగళవారం ఆఫీసుకు తంతి వచ్చింది.

సమాధి దగ్గర ఆమె బడి పిల్లలు పాట పాడారు. ఆ పాట నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. నేను వాళ్ల వెనక నిలబడి విన్నాను.

నెల రోజుల తర్వాత కాలువల నివేదిక తయారైంది. చివరి పేజీలో లైబ్రరీ పంపినవాళ్లకూ, ఆఫీసుకూ కృతజ్ఞతలు రాసి, కింద మా అక్కకు ఒక వాక్యం రాశాను. ఆఫీసరు ఎర్ర పెన్సిలుతో దాన్ని కొట్టేసి, "బయటివాళ్ల పేర్లు ఉండకూడదమ్మా," అన్నారు. కోపంగా అనలేదు. కొట్టేసిన కాగితాన్నే టైపుకు పంపాను. ఇన్నేళ్లయినా ఆ పని ఎందుకు చేశానో నాకు నేను సరిగ్గా చెప్పుకోలేను.

తర్వాత గది ఖాళీ చేయడానికి మెదక్ వెళ్లాను. చీరలు, గిన్నెలు, రెండు కుర్చీలు, పుస్తకాలు. ఇంటామె గడప దగ్గర కూర్చుని నేను సర్దుతుంటే చూస్తోంది.

"లెక్కలంటె మస్తు పానం మీ అక్కకు," అంది. "జ్వరం ఉన్నా చేసేది. ఎందుకమ్మా గింత కష్టం అంటే, గీ లెక్కలుంటెనే మా చెల్లె వస్తది అనేది."

నేను చీర మడత పెడుతున్నదాన్ని ఆగిపోయాను. ఇంటామెకు తానన్న మాటలో తప్పేమీ కనబడలేదు. లేచి లోపలికి పోయి నాకు నీళ్లు తెచ్చింది. తాగాను. పుస్తకాలు బడికి ఇచ్చేయమని చెప్పి, గిన్నెలు ఆమెనే ఉంచుకోమన్నాను. చీరల మూట ఎత్తుకుని బస్టాండుకు నడిచాను.