ఐదడుగుల బేస్మట్టం

కృపమణికి ఎవరి గురించి చెప్పాలన్నా ఒకటే మాట. బేస్మట్టం.

ఓట్లప్పుడు ఒక నాయకుడు కాలనీకొచ్చి గంటసేపు మాట్లాడిపోతే, "స్లాబు శానా పెద్దదే, బేస్మట్టమే కనపడ్ల్యా" అనింది. చెల్లెలి కూతుర్ని చూసేదానికి వచ్చిన పిల్లోడు ఫోన్లోంచి తల ఎత్తకపోతే, "రంగు బాగుండాది, బేస్మట్టం ఏసినోళ్లు ఎవరో అడుగు" అనింది. చర్చిలో అయ్యగారి ప్రసంగం కూడా తప్పించుకోలేదు. "ఈ ఆదివారం బేస్మట్టం బలంగా ఏసినాడు పాపం, గోడలు లేపే లోపల అన్నం టైమయిపాయ."

ఇంగ్లీషువాళ్లకు బేస్‌మెంటంటే ఇంటికింద గది. మనకు గది అక్కర్లేదు. మట్టి అడుగునుంచి గడప దాకా లేచే రాతికట్టు చాలు. దాని పేరే బేస్మట్టం. కోయిలకుంట్ల చుట్టుపక్కల అలాంటివి కొన్ని వందలకు కృపమణి రాళ్లు మోసింది. ఇరవై ఆరేళ్లుగా నెత్తి మీద తట్ట దిగలేదు. ఏ మట్టి గట్టిదో, ఏది మోసం చేస్తుందో కాలు పెడితే చెబుతుంది. కానీ ఆమె చేతికి తాపీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఎందుకివ్వరంటే ఆనవాయితీ అంటారు. ఆనవాయితీ అంటే ఇంకేం లేదు, ఆడమనిషికి మగవాడి కూలిలో సగం ఇచ్చి సరిపెట్టుకోవడం.

ఆమె సొంత ఇల్లు కాలనీలోదే. నల్లరేగడిలో మూడడుగులు తవ్వి కట్టించారు. మూడో ఏడు గోడ చీలింది. ఆ చీలికలోంచి పక్కింటి గిడ్డమ్మ టీవీలో సీరియల్ కనపడుతుంది. "రిమోటే ల్యాదు, ఉంటే నేనే మార్చుకుందును" అంటుంది కృపమణి.

అందుకే చర్చి ఆవరణలో స్త్రీల సమాజానికి గది కట్టాలని అనుకున్న రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. పదకొండేళ్లు కాలనీ ఆడవాళ్లు అన్నం వండేముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టి కూడబెట్టిన గది అది. ఇది కూడా చీలితే ఇంకో పదకొండేళ్లు పిడికిలి బిగించే ఓపిక ఎవరికుంది?

మే నెల. పొద్దున ఆరున్నరకు మేస్త్రీ ఉరుకుందప్ప ముగ్గుతో గీతలు గీశాడు. తొమ్మిదికి అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తే మొదటి రాయి పడాలి.

"మూడడుగులు తవ్వండమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఐదు" అనింది కృపమణి.

"ఏమ్మే, ఈడ మేస్త్రీ ఎవరు?"

"నువ్వే కదప్పా. మట్టికి ఆ సంగతి తెలీదు."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఉరుకుందప్పది ఆదోని వైపు. కోపమొస్తే ఆ యాస పైకొస్తుంది. "ఐదడుగులకు రాయి యాడిది, దుడ్లు యాడివి? నెర్రెలన్నీ పైపైనే. అడుగున్నర దిగితే గట్టి మట్టే."

ఎండకు నేల చీలి, ముగ్గు గీతను అడ్డంగా కోసుకుంటూ పోయిన నెర్రె ఒకటి అక్కడే నోరు తెరుచుకుని ఉంది. కృపమణి దాని పక్కన కూర్చుంది. "అడుగున్నరేనా? సరే, కొలుస్తాం. నీ తూకం గుండు ఇయ్యి."

గోడ నిటారు చూసే ఇత్తడి గుండు అది. ఉరుకుందప్ప మొదటిసారి తాపీ పట్టిన రోజు అతని గురువు ఇచ్చింది. సైకిలు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, ఈ గుండును మాత్రం పిల్లలను తాకనియ్యడు. నెర్రె అడుగున్నరేనని అంత నమ్మకం కాబట్టి ఇచ్చాడు.

కృపమణి దారాన్ని మూరలేస్తూ నెర్రెలోకి వదిలింది. సమాజం కార్యదర్శి ప్రసన్నకుమారి ఎలుగెత్తి లెక్క మొదలుపెట్టింది. అందరూ అందుకున్నారు.

"ఒకటీ!"

"రెండూ!"

"రెండు మూరలంటే మూడడుగులు ఆయె మేస్త్రీ" అని గిడ్డమ్మ కేకేసింది. దారం ఇంకా దిగుతూనే ఉంది.

"మూడూ!"

అక్కడ ఆగింది. "సాల్లే, తియ్యి" అన్నాడు ఉరుకుందప్ప. కృపమణి లాగింది. రాలేదు. ఇటు తిప్పింది, అటు తిప్పింది. మేస్త్రీ దారం లాక్కుని తానే గుంజాడు. ఫట్! దారం చేతికొచ్చింది, గుండు భూమికే మిగిలింది.

కావాలనే ఇరికించినావా అని తర్వాత ప్రసన్నకుమారి అడిగితే, "నెర్రె అడిగింది, ఇచ్చినా" అనింది కృపమణి.

ఉరుకుందప్ప చొక్కా విప్పి గడ్డపార అందుకున్నాడు. పాతికేళ్లలో అతను గుంత తవ్వడం ఎవరూ చూడలేదు. ఆడవాళ్లు పరుగు పరుగున మట్టి ఎత్తిపోశారు. నవ్వుతో తట్టలు ఒలికిపోతున్నాయి.

"మూడడుగులు వచ్చినాయి మేస్త్రీ, ఆపుతావా?"

"నోరు మూసుకోండే!"

తొమ్మిదికి అయ్యగారు అరుణ్ కుమార్ బైబిలు చంకన పెట్టుకుని వచ్చాడు. గుంతలోంచి మట్టి ఎగురుతోంది, మనిషి కనపడటం లేదు.

"మేస్త్రీ ఏడమ్మా?"

"నాలుగడుగుల కాడ ఉండాడు అయ్యగారూ."

"ప్రార్థన ఇప్పుడే చెయ్యాల్నా, ఆయన పైకొచ్చినాక చెయ్యాల్నా?"

గిడ్డమ్మ నవ్వలేక కింద కూలబడింది. అంతలో గుంతలోంచి కేక. గుండు దొరికింది. ఉరుకుందప్ప దాన్ని తువ్వాలతో తుడిచి కళ్లకద్దుకున్నాడు.

"నీ గుండు ఆగింది గానీ నెర్రె ఆగల్యా మేస్త్రీ. కాళ్లకాడ చూడు" అనింది కృపమణి పైనుంచి. అతను చూశాడు. సన్నటి నల్ల గీత ఇంకా కిందికి పోతోంది. మళ్లీ గడ్డపార ఎత్తాడు. అరగంటకు మోత మారింది. అప్పటిదాకా దబ్బు దబ్బుమన్నది ఖంగుమంది. కృపమణి గుంతలోకి దూకి పిడికెడు తీసింది. ఎర్రటి గట్టి గరుసునేల, నెర్రె జాడ లేదు. దాన్ని పైకెత్తి చూపించింది.

"ఎంత లోతప్పా? గట్టిగ చెప్పు, అయ్యగారికి ఇనపడాల."

"ఐదడుగులా నాలుగంగుళాలు" అన్నాడు ఉరుకుందప్ప. ఆమె కళ్లలోకి చూసి ఇంకో మాట కలిపాడు. "నాలుగు మూలలకూ ఇదే లోతు."

నలుగురు ఆడవాళ్లు పట్టి లాగితే అతను పైకొచ్చాడు. కృపమణి రాలేదు. అయ్యగారు గుంత అంచున నిలబడి ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్నాక రాయిని తాళ్లతో దింపారు. అప్పుడు కృపమణి చెయ్యి పైకి చాపింది. పైకి లాగమంటోందని గిడ్డమ్మ వంగింది.

"నీ చెయ్యి కాదే. తాపీ."

ఉరుకుందప్ప అయ్యగారిని చూశాడు. అయ్యగారు బైబిలు చూసుకున్నాడు. మేస్త్రీ ఆడవాళ్లను చూశాడు. ఒక్కరు కూడా చూపు తిప్పలేదు. మొలలోంచి తాపీ తీసి, పిడి ఆమె వైపుకు పెట్టి ఇచ్చాడు.

కృపమణి రాయిని జరిపింది, తట్టింది, ఒక కన్ను మూసి మట్టం చూసింది.

"మాలు!" అని కేకేసింది.

కలిపిన సిమెంటు తట్టనిండా పక్కనే ఉంది. అందించేదానికి మనిషి కోసం ఉరుకుందప్ప చుట్టూ చూశాడు. ఆడవాళ్లంతా మట్టికుప్ప మీద వరసగా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఎండిపోతాందప్పా!" అని గుంతలోంచి గొంతు.

ఉరుకుందప్ప తువ్వాల చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకున్నాడు. తట్ట ఎత్తుకున్నాడు.