పాటల గుంపు దాటిపోయిన ఇళ్ళు

మా లైన్లో, అంటే గనివాళ్ళ ఇళ్ళ వరుసలో, ఉండే నర్సమ్మ పోయింది. క్రిస్మసుకు ముందు నాలుగు వారాల ఆగమన కాలంలో మొదటి ఆదివారం గడిచిన మర్నాడు పొద్దున, పాలు ఇచ్చి రమ్మని మా అమ్మాయిని పంపాను. రోజూ వెళ్ళే పిల్లే. వెళ్ళిన కాసేపటికే తిరిగొచ్చి గడప దగ్గర నిలబడింది. "అమ్మా, నర్సమ్మ కుర్చీలోనే ఉండాది. పిలిస్తే పలకలేదు. చెయ్యి చల్లగా ఉండాది" అంది. పాలగిన్నె ఇంకా దాని చేతిలోనే ఉంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నాలుగిళ్ళ దూరం. ఆ నాలుగిళ్ళూ దాటేలోపు, ఆమె లేని డిసెంబరు ఎలా ఉంటుందా అన్నదే నా ఆలోచన.

ఆమె కోలారు బంగారు గనుల ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసింది. గనులు మూతపడ్డాక చాలామంది బెంగళూరు దారి పట్టారు గానీ, ఆమె ఆ రేకుల ఇంట్లోనే ఉండిపోయింది. ఈ ఊళ్ళో నలభై దాటినవాళ్ళలో ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళు ఎంతమందో ఆమెకే తెలియదు. అందుకే అందరికీ ఆమె నర్సమ్మ.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళను ధైర్యవంతులుగా రాయాలనిపిస్తుంది. నర్సమ్మ భయస్థురాలు. ఇల్లు తాళం వేసి రోడ్డెక్కి, గ్యాసు కట్టేసిందో లేదోనని మళ్ళీ వెనక్కి వచ్చేది. ఒక్కోసారి మూడుసార్లు. బెంగళూరు నుంచి మావారు వచ్చే రైలు ఆలస్యమైతే నాకంటే ముందు ఆమే వీధిలోకి వచ్చి నిలబడేది. ఎవరి చెయ్యి పట్టుకుని పలకరించినా ఆమె వేలు దానంతటదే నాడి మీదికి పోయేది, కళ్ళు గడియారం మీదికి. "బాగుండావా అమ్మా" అని నోరు అడుగుతుంటే, వేలు లెక్కపెడుతూ ఉండేది.

అలాంటి మనిషి ఆగమన కాలంలో ఒక పని పెట్టుకుంది. డిసెంబరు రాగానే మా తెలుగు క్రైస్తవ సంఘం పాటల గుంపు గిటారు, తబలా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. చావు జరిగిన ఇల్లు, పెద్ద జబ్బున్న ఇల్లు వస్తే మాత్రం, వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని చప్పుడు చేయకుండా దాటి వెళ్తుంది. నర్సమ్మ ఆ ఇళ్ళకే వెళ్ళేది. మధ్యాహ్నం పూట, ఒక్కతే, డబ్బాలో గులాబి పువ్వులు పోసుకుని. అంటే అచ్చును పిండిలో ముంచి నూనెలో వేయించే తీపి వంటకం. వెళ్ళి కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, ఒక పాత కీర్తన పాడేది. గొంతు బాగుండేది కాదు. రెండో చరణంలో శ్రుతి తప్పకుండా పాడగా నేను వినలేదు.

పదమూడేళ్ళ కిందట అలా దాటిపోయిన ఇళ్ళలో మాదీ ఒకటి.

అప్పటికి నాకు రెండు కాన్పులు నిలబడకుండా పోయాయి. మూడోసారి ఏడు నెలలు నిండాయి. సంతోషపడితే ఎక్కడ చెయ్యి జారిపోతుందోనని నేను బిడ్డ మాట ఎత్తేదాన్నే కాదు. ఒక్క గుడ్డ కుట్టలేదు. గుడికి వెళ్తే ఆడవాళ్ళు అడుగుతారని గుడికీ మానేశాను. ఆగమన కాలం మూడో ఆదివారం పాస్టరుగారు ఆనందించండి అని ప్రసంగం చేశారని మావారు వచ్చి చెబితే, నన్ను తిట్టినట్టే అనిపించింది. పాటల గుంపు మా ఇంటికి రావద్దని చెప్పి పంపాను.

మర్నాడు నర్సమ్మ వచ్చింది.

"నేను పాట వద్దన్నాను కదా నర్సమ్మా."

"పాడనులే. కాఫీ ఇస్తావా, అదీ వద్దా?"

కాఫీ తాగింది. పాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "బిడ్డ తిరగతాండాదా?" అని అడిగింది. నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. పొద్దుననుంచీ కదిలిన గుర్తు లేదు.

ఆమె మొహంలో రంగు మారింది. నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఇంటికి వెళ్ళి, కడుపు మీద ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినే కొయ్యగొట్టం తెచ్చింది. ఒక చెవి గొట్టానికి ఆనించి, రెండో చెవి అరచేత్తో మూసుకుంది. ఇటు పెట్టింది, అటు పెట్టింది. కిందికి జరిపింది. నేను పైకప్పు రేకుల్లో మేకులు లెక్కపెడుతున్నాను. ఎంతసేపో తెలియదు. ఆమె లేచి గొట్టాన్ని సంచిలో పెట్టుకుని, "ఇంగ లెయ్యి, కోలారుకు పోదాం. ఎదురింటోళ్ళ కారు ఉండాది" అంది.

"వినిపించిందా?"

"లెయ్యమ్మా ముందు."

కారు కదిలాక నా చెయ్యి పట్టుకుని పాట మొదలుపెట్టింది. అదే కీర్తన. నాకు ప్రాణం లేచొచ్చింది. వినిపించి ఉంటుంది, లేకపోతే ఎందుకు పాడుతుంది? కోలారు చేరేదాకా ఆ పాటనే పట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రిలో మిషను పెట్టగానే గుర్రం పరిగెత్తినట్టు టకటకమని చప్పుడు. అప్పుడు నర్సమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. బీపీ బాగా పెరిగిందని ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. గాజుపెట్టెలో పెట్టారు, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు.

బిడ్డ గాజుపెట్టెలో ఉన్న మూడు వారాలూ ఆమె రోజూ బస్సెక్కి వచ్చింది. క్రిస్మసు రోజు కూడా ఆరాధన అవగానే వచ్చింది. వరండాలో నాలాగే కాచుకుని ఉన్న తల్లులు నలుగురైదుగురు ఉండేవాళ్ళు. వాళ్ళెవరూ మా సంఘం వాళ్ళు కారు. అందరికీ గులాబి పువ్వులు పంచేది. ఎవరి బిడ్డకైనా ఒక చెంచా పాలు ఎక్కువ పట్టాయంటే, తనకే మనవరాలు పుట్టినట్టు వరండా అంతా తిరిగి చెప్పేది. ఆ వరండాలో నేను మొదటిసారి నవ్వింది నా బిడ్డను చూసి కాదు, పక్కామె బిడ్డ పాలు తాగిందని.

ఒకరోజు అడిగాను. "ఆ దినం మీకు బిడ్డ గుండె వినిపించింది కదా?"

నర్సమ్మ గులాబి పువ్వుల డబ్బాకు మూత పెట్టింది.

"లేదు పాపా. ఏమీ వినపడలా. నా చెవులకు వయసైపొయింది, అందుకో, ఇంగెందుకో అని ఒకటే భయం."

"మరి పాడినారే?"

"భయానికే పాడినాను. భయం పొయినంక సంతోషపడదామనుకుంటే ఆ దినం యాడొస్తాది? ఆగమన కాలమంటే ఏమనుకున్నావు? ప్రభువు వచ్చినంక అందరూ పాడతారు. రాకముందే పాడల్ల, అది మన పని."

తర్వాత కిటికీ వైపు చూస్తూ ఇంకొక మాట చెప్పింది. అంతకుముందు ఎవరికీ చెప్పలేదట. పెళ్ళయిన రెండో ఏడు ఆమెకూ ఒక బిడ్డ పుట్టింది, తొమ్మిది రోజులే బతికింది. "అది డిసెంబరే. ఏడుపు ఇల్లని పాటల గుంపు మా తలుపు దాటి పోయినాది. తప్పేమీ లేదు, మంచికే చేసినారు. కానీ నేను తలుపెనక నిలబడి, లోపలికి వస్తారేమోనని కాచుకోని ఉండినాను."

మా అమ్మాయి బతికింది. ఆ పొద్దున పాలు తీసుకెళ్ళింది ఆ పిల్లే.

సమాధి చేసిన రోజు గనుల వ్యర్థాలు పోసిన సైనైడు దిబ్బల మీదినుంచి గాలి వచ్చి అందరి కళ్ళల్లో దుమ్ము కొట్టింది. ఎవరు దుమ్ముకు కళ్ళు తుడుచుకుంటున్నారో, ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపు కంటే దిగులే ఎక్కువగా ఉండింది. ఆ ఇళ్ళకు ఇక ఎవరు వెళ్తారు? నావల్ల అవుతుందా? తప్పు మాట ఏదైనా నోరు జారితే?

తేల్చుకునేంత వ్యవధి నాకు దొరకలేదు. మొన్న మధ్యాహ్నం ఆమె తాళం వేసిన తలుపు ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. సుగటూరు నుంచి వచ్చిన తల్లీ కూతురూ. కూతురు నిండు చూలాలు. పోయినేడు మొదటి బిడ్డ దక్కలేదట. నర్సమ్మ దగ్గర కాసేపు కూర్చుని వస్తే మనసు కుదుటపడుతుందని ఎవరో చెబితే వచ్చారు.

"ఆయమ్మ పోయి వారమైనాదమ్మా" అన్నాను.

ఆ పిల్ల మొహం చూడలేక, "లోపలికి రాండి, కాఫీ తాగి పోదురు" అనేశాను. మర్నాడు కోలారులో డాక్టరమ్మ దగ్గరికి నేనూ తోడు వస్తానన్నాను. ఇద్దరికీ కాఫీ కలిపి ఇచ్చాను.

గ్లాసు కింద పెట్టి ఆ పిల్ల అడిగింది. "ఆయమ్మ ఉంటే ఏమి చెప్పుండును అక్కా?"

"ఏమీ చెప్పేది కాదు. ఒక పాట పాడేది."

"నీకు వస్తాదా?"

వస్తుంది. కళ్ళు మూసుకుని పాడాను. దేవుడు మన మధ్యకు చిన్న బిడ్డగా వస్తున్నాడనే పాట. మూడో చరణం అయ్యి కళ్ళు తెరిచేసరికి, ఆ పిల్ల గోడకు తల ఆనించి నిద్రపోయింది. "నాలుగు దినాలైనాది కంటికి కునుకు లేక" అంది తల్లి, పెదవులు మాత్రమే కదిలిస్తూ. కిటికీలోంచి డిసెంబరు ఎండ లోపలికి జరుగుతూ వచ్చింది. ఎండ జరిగిన కొద్దీ ఆ తల్లి కూడా కొంచెం కొంచెం జరుగుతూ, కూతురి మొహం మీద పడకుండా కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది.